ప్రశ్నాధికారము - ప్రత్యుత్తర ధర్మము

మహాభారతమున సభాపర్వమునందు నారదమహర్షి ధర్మరాజు కొలువునకు విచ్చేసి కుశలమడిగిన ఘట్టము మన పాఠకులెరుగనిది కాదు. ఆ కుశలప్రశ్నలు రాజుగారి దేహారోగ్యమును గూర్చినవి కావు. రాజ్యమునందు నిండుచెరువులు తగినచోటులనెల్ల నున్నవా? సేద్యము వానమీదనే యాధారపడి దేవమాతృకమై పోలేదు గదా? కర్షకునకు విత్తనములకును భోజనమునకును లోటు రాలేదు గదా? అతనికి స్వల్పమగు వడ్డీకి ఋణము లభించుచున్నదా? సేనకు జీతబత్తెములు కాలమునకు ముట్టుచున్నవా? ఆదాయమునకు లోబడి వ్యయము సాగుచున్నదా? ఇట్లు వరుసగ ఆ మహర్షి అడుగుచు పోయెను. ఈ ప్రశ్నలనే శాఖలవారీగ విభజించి, (అ), (ఆ), (ఇ) యని గుర్తులు వేసి, జలవనరుల మంత్రికి కొన్ని, వ్యవసాయ మంత్రికి కొన్ని, ఆర్థిక మంత్రికి కొన్ని, రక్షణ మంత్రికి ఒకటి చొప్పున పంచినచో, నేటి లోకసభలో ఒకనాటి ప్రశ్నల పట్టికకును దానికిని గొప్ప భేదము కాన్పింపదు.

భేదము వేఱొకచోట గలదు. నారదుడు తన తపోమహిమచే నడిగెను; ధర్మరాజు తన వినయముచే చెప్పెను. అడుగువానికి హక్కు గాని, చెప్పువానికి నిర్బంధము గాని ఆనాడు లేదు. నేటి శాసనసభ్యుడు తపస్వి కానక్కరలేదు. నేటి మంత్రి ధర్మరాజు కానక్కరలేదు. అడుగుట సభ్యుని యధికారము. చెప్పుట మంత్రి ధర్మము. ఈ రెండింటి నడుమ నున్న కట్టుబాటు సడలిన దినమున బాధ్యతాయుత ప్రభుత్వమను మాట పేరునకు మాత్రమే మిగులును.

మన జనులలో పెక్కురకు శాసనసభ యనగా ఉపన్యాసములు, కేకలు, సభను విడిచి వెడలిపోవుటలు మాత్రమే జ్ఞప్తికి వచ్చును. పత్రికలలో పెద్ద యక్షరములకెక్కునవియు నవియే. కాని, ప్రభుత్వమును కదలించునట్టి పని చాలవరకు సద్దు లేకుండ, కాగితము మీద జరుగుచుండును. ఒక సభ్యుడు ఒక మంత్రికి వ్రాతమూలమున ప్రశ్న పంపును. మంత్రి వ్రాతమూలమున ప్రత్యుత్తరమిచ్చును. అది సభా రికార్డులలో శాశ్వతముగ నిలిచిపోవును. ఈ వ్రాతప్రశ్నను గూర్చియే మేము నేడు కొంత విపులముగ ముచ్చటింపదలచినాము. ఏలయన, ఈ యాయుధము తుప్పుపట్టుచున్నదని మా భయము. అది ఎవరి కొరకు చేయబడినదో ఆ ప్రజలకే దాని పదును తెలియకుండుట మరింత విచారకరము.

ఈ హక్కు వచ్చిన తెరువు

ఈ హక్కు పాలకులు దయదలచి యొక్కనాడిచ్చినది కాదు. 1853 చార్టరు చట్టముచే నేర్పడిన శాసనమండలి చిన్న పార్లమెంటువలె ప్రవర్తించి, ప్రభుత్వ కార్యములను గూర్చి వివరములడుగ మొదలుపెట్టగా, అది దొరలకు కంటకమయ్యెను. అందుచే 1861 చట్టము మండలిని శాసనములు చేయు పనికి మాత్రమే పరిమితము చేసెను. ప్రశ్నింపరాదు, ఫిర్యాదు వినిపింపరాదు, తీర్మానము తేరాదు. ముప్పది సంవత్సరముల కాలము మండలి యనునది నోరులేని కొలువై యుండెను.

కాంగ్రెసు మహాసభ పుట్టినది మొదలు అడిగిన కోరికలలో నిది యొకటి. 1892 చట్టముచే ఈ హక్కు కొంతవరకు లభించెను. ముందుగ నోటీసు ఇయ్యవలెను. అనుబంధ ప్రశ్న వేయరాదు. అధ్యక్షుడు కారణము చెప్పకయే ప్రశ్నను త్రోసిపుచ్చవచ్చును. ఇన్ని సంకెలలతో వచ్చినను హక్కు హక్కే. 1893 ఫిబ్రవరి 16వ తేదీన భింగా రాజావారు మొదటి ప్రశ్న నడిగిరి. ఆ ప్రశ్న దేనిని గూర్చినది? ప్రభుత్వోద్యోగులు గ్రామములలో మకాము వేసినప్పుడు వారి పరివారమునకు సరకులు సమకూర్పవలసి వచ్చిన పల్లెటూరి దుకాణదారుల కష్టములను గూర్చినది. మన దేశ శాసనసభా చరిత్రలో మొదటి ప్రశ్న ఒక సామాన్య పల్లెవర్తకుని బియ్యపు బస్తాను, నేతి డబ్బాను గూర్చి పుట్టినదన్నమాట. సామ్రాజ్యపు సరిహద్దులను గూర్చి గాని, వైస్రాయి మర్యాదలను గూర్చి గాని కాదు. ఈ సంగతి మన శాసనసభ్యులందరును గుర్తుంచుకొనదగినది.

ఇట్టి కట్టుబాట్ల నడుమనే, 1891 నాగపురి కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన పనప్పాకము ఆనందాచార్యులుగారు కేంద్ర శాసనమండలిలో కూర్చుండిరి. 1909 సంస్కరణలచే, ప్రశ్నవేసిన సభ్యునకు అనుబంధ ప్రశ్న వేయు నధికారము వచ్చెను. 1919 చట్టము పిమ్మట ఆ యధికారము సభ్యులందరకును లభించెను. అప్పటినుండి ప్రశ్నోత్తరముల సమయమునకు జీవము వచ్చెను. 1935 మొదలు కేంద్ర శాసనసభలో సత్యమూర్తిగారు లేచి అనుబంధ ప్రశ్నల పరంపర నారంభించిరనగా, ప్రభుత్వ సభ్యులు కాగితములు సవరించుకొనుచుండిరట. మన ఆచార్య రంగాగారు 1930లో ఆ సభలో ప్రవేశించి రైతుల పక్షమున గొంతెత్తిరి. పరాయి ప్రభుత్వమును తొలగించు నధికారము ఆ సభకు లేకుండెను. కాని దానిచేత సమాధానము చెప్పించు నధికారము మాత్రముండెను. ఆ చిన్న యధికారముతో వారు పెద్ద పని చేసిరి. నేడు ప్రభుత్వమును దింపు నధికారము కూడ సభలకున్నది. అట్టి సభలు చిన్న యధికారమును నిర్లక్ష్యము చేయుట న్యాయమా?

ప్రశ్న నడచు దారి

పాఠకుల సౌకర్యార్థము ఈ విధానమును క్లుప్తముగ చెప్పెదము. లోకసభలో ప్రశ్నలు ముఖ్యముగ రెండు తెగలు. నక్షత్రపు గుర్తు గలవి సభలో నోటిమాటగ సమాధానము కోరునవి; వానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. నక్షత్రపు గుర్తు లేనివి వ్రాతమూలమున సమాధానము కోరునవి. వానిపై అనుబంధ ప్రశ్నలుండవు. ఒక్కొక్క దినమునకు మొదటి తెగవి 20, రెండవ తెగవి 230 పట్టికలో చేర్చబడును. సామాన్యముగ 15 పూర్తి దినముల ముందు నోటీసు ఇయ్యవలెను. మంత్రిత్వ శాఖలు ఐదు గుంపులుగ చేయబడి, సోమవారము మొదలు శుక్రవారము వరకు ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క దినము కేటాయింపబడినది. నోటీసులు అపరిమితముగ వచ్చును గనుక చీట్లపద్ధతిని ముందువెనుకలు నిర్ణయింతురు. ఒక సభ్యునివి ఒక దినమున 5 ప్రశ్నలకు మించి పట్టిక కెక్కవు. అందు నోటిసమాధానమునకు ఒకటి మాత్రమే.

ఆ 20 ప్రశ్నలలో గంటకాలమున నిజముగ సభలో విచారణకు వచ్చునవి ఎన్ని? తరచుగ ఐదారింటికి మించవు. తక్కినవాని సమాధానములు కూడ వ్రాతమూలముగనే సభాసమక్షమున నుంచబడును. సభలో అల్లరి చెలరేగిన దినమున ఆ ఐదారు కూడ లేవు. కావున ఒక సామాన్య సభ్యుడు, మంత్రి కానివాడు, పక్షనాయకుడు కానివాడు, వాగ్ధాటి లేనివాడు, ప్రభుత్వముచేత నిక్కముగ నొక మాట చెప్పించుకొనదలచినచో వ్రాతప్రశ్నకు మించిన సాధనము లేదు. సభ రభసలో మునిగినను ప్రత్యుత్తరపు కాగితము వచ్చితీరును.

ప్రశ్న వ్రాయుటకు కూడ నియమములున్నవి. అది 150 మాటలకు మించరాదు. అందు వాదము, వ్యంగ్యము, నిందారోపణ, అభిప్రాయసేకరణ యుండరాదు. న్యాయస్థానమున విచారణలోనున్న విషయము పనికిరాదు. ఊహించి కల్పించిన సందర్భమును గూర్చి యడుగరాదు. సులభముగ లభించు గ్రంథములలో నున్న సంగతి యడుగరాదు. అన్నిటికంటె ముఖ్యముగ, అడిగిన విషయము ఆ మంత్రి బాధ్యతలోనిదై యుండవలెను. ఈ నియమములను చూచి కొందరు విసుగుకొందురు. మాకు మాత్రము ఇవి ప్రశ్నకు పదును పెట్టు సానరాళ్లుగ తోచుచున్నవి. వాదమును తీసివేసిన పిమ్మట మిగిలినదే ప్రశ్న.

ఒక యుదాహరణము చూతము. "రైతులకు పంటల బీమా సొమ్ము ఏల ఇచ్చుటలేదు?" అని ఒక సభ్యుడు వ్రాసెననుకొందము. అందు ఆవేదన యున్నది, ప్రశ్న లేదు. "పథకము చక్కగ నమలు జరుగుచున్నది" అను ఒక్క వాక్యముతో శాఖవారు దానిని సాగనంపుదురు. మరియొక సభ్యుడు ఇట్లు వ్రాసెననుకొందము: (అ) గడచిన 3 సంవత్సరములలో జిల్లావారీగ ఎందరు రైతులు బీమాలో చేరిరి, (ఆ) వారిలో కౌలుదారులెందరు, (ఇ) గడువు దాటియు చెల్లింపబడని క్లెయిములు ఎన్ని, ఎంత సొమ్మునకు, (ఈ) ఆలస్యమునకు కారణములేవి, (ఉ) ఎప్పటిలోగ చెల్లింపబడును? ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ఢిల్లీలోని గుమాస్తా మొదలు జిల్లా వ్యవసాయాధికారి వరకు దస్త్రములు విప్పవలసినదే. శాఖలోని అధికారి ముసాయిదా వ్రాయును, పైయధికారి సవరించును, మంత్రి ఆమోదించును. ఆ కదలికలోనే ఆగిపోయిన సొమ్ము కొంత కదలుట కలదు. ఇది మంత్రమహిమ కాదు. ఎవడో చూచుచున్నాడను భయము.

ప్రశ్న చేసిన పనులు

ఒక ప్రశ్న ఎంతపని చేయగలదో తెలియగోరువారు ముంధ్రా వ్యవహారమును జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. 1956లో జీవితబీమా వ్యాపారము జాతీయము చేయబడెను. మరుసటి సంవత్సరమే, ఆ సంస్థ సొమ్ములో సుమారు కోటి ఇరువదియైదు లక్షల రూపాయలు హరిదాసు ముంధ్రా యను వ్యాపారి కంపెనీల వాటాలలో పెట్టబడెను. లోకసభలో డాక్టరు రాంసుభగ్ సింగుగారు దీనిని గూర్చి ప్రశ్న వేసిరి. ఫిరోజ్ గాంధీగారు అనుబంధ ప్రశ్నలతో దానిని వెంటాడిరి. వీరిరువురును అధికారపక్షమునకు చెందిన సభ్యులే యని పాఠకులు గమనింతురు గాక. తొలి సమాధానములు పొడిపొడిగ నుండెను. పట్టు విడువని సభ్యులు మరల మరల నడిగిరి. ఎట్టకేలకు బొంబాయి ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లాగారి విచారణ సంఘము నియమింపబడి, బహిరంగముగ విచారణ జరిగెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు పదవిని విడిచిరి. నెహ్రూగారి వంటి నాయకుని మంత్రివర్గమున, తన పక్షము వారే అడిగిన ప్రశ్న యొకటి ఇంతవరకు తెచ్చెను. పక్షభక్తి వేఱు, ప్రజాధనరక్షణ వేఱు అని గ్రహించిన సభ్యులుండుటచేతనే అది సాధ్యమయ్యెను.

అందరి ప్రశ్నలును మంత్రులను దింపవలెనని లేదు. దింపుట ప్రశ్నకు ధ్యేయమును కాదు. నిజమును బయటపెట్టుట దాని పని. 2020లో కరోనా వ్యాధి కారణముగ పార్లమెంటు వర్షాకాల సమావేశములలో ప్రశ్నోత్తరముల సమయము తొలగింపబడెను. చైనా దండయాత్ర నాటి 1962లోను, అత్యవసర పరిస్థితి నాటి 1975-76లోను ఇట్లే జరిగియుండెను. నోటిప్రశ్న మూగబోయినను 2020లో వ్రాతప్రశ్న మిగిలెను. ఆ సెప్టెంబరు 14వ తేదీన, లాక్‌డౌను కాలమున స్వగ్రామములకు పోవుచు మరణించిన వలసకూలీలెందరని యొక వ్రాతప్రశ్న వచ్చెను. అట్టి లెక్క నిర్వహింపబడుట లేదని కార్మిక శాఖ బదులు చెప్పెను. అదే సమావేశములలో రాజ్యసభలో రైల్వే శాఖ నడిగిన మరియొక వ్రాతప్రశ్నకు, శ్రామిక ప్రత్యేక రైళ్లలో ప్రయాణించుచు 97 మంది మరణించిరని సమాధానము వచ్చెను. ఒక మంత్రివద్ద లేని లెక్క మరియొక మంత్రివద్ద కొంతయైనను ఉన్నదని బయటపడుటకు రెండు కాగితపు ముక్కలు చాలినవి. వేఱువేఱు విషయములపై, వేఱువేఱు మంత్రులకు ప్రశ్నలు పంపు సభ్యుని చూచి "ఈయన కన్నియు కావలయునా" యని ఎగతాళి చేయువారు ఈ యుదాహరణమును గమనింపవలెను.

మరియొక సంగతి మన ఆంధ్రదేశమునకే సంబంధించినది. 2021 జూలై 20వ తేదీన, ప్రాణవాయువు కొరతచే రెండవ విడత కరోనాలో ఎందరు మరణించిరని రాజ్యసభలో ప్రశ్న వచ్చెను. ఆరోగ్యము రాష్ట్రముల విషయమనియు, అట్టి మరణములు ప్రత్యేకముగ నివేదింపబడలేదనియు మంత్రి వ్రాతమూలమున చెప్పిరి. ఆప్తులను పోగొట్టుకొన్న కుటుంబములు ఈ మాట విని నివ్వెరపోయినవి. సభ్యులు మరల అడిగిరి. కేంద్రము రాష్ట్రములను మరల అడిగెను. ఆగస్టు నెలలో వచ్చిన సమాధానములో, మే 10వ తేదీన తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు పీడనము తగ్గిన వేళ వెంటిలేటరుపై నున్న రోగులు కొందరు మరణించిన సంగతిని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తెలిపినదని ఎక్కెను. జూలైలో లేని మరణములు ఆగస్టులో రికార్డుకెక్కినవి. పోయిన ప్రాణములు తిరిగి రావు. కాని, పోలేదని వ్రాతలో నిలిచిపోవుటకంటె, పోయినవని నిలిచిపోవుట ఆ కుటుంబముల గౌరవమునకు కొంత మేలు.

ప్రత్యుత్తరములలోని చమత్కారములు

ప్రశ్నకు పదునున్నట్లే ప్రత్యుత్తరమునకు డాలు ఉన్నది. సచివాలయములలో తరతరములుగ ఈ విద్య వృద్ధిపొందినది. పాము చావకుండ, కర్ర విరుగకుండ వ్రాయుట ఒక కళ. దాని ముఖ్యరూపములను పాఠకుల కెరిగింతుము.

మొదటిది, "సమాచారము సేకరింపబడుచున్నది, సభాసమక్షమున నుంచబడును" అనునది. రెండవది, "ఇది రాష్ట్రమునకు సంబంధించిన విషయము" అనునది. మూడవది, "అట్టి లెక్కలు కేంద్రమున నిర్వహింపబడుట లేదు" అనునది. నాల్గవది, "పై సమాధానము దృష్ట్యా ఈ ప్రశ్న ఉత్పన్నము కాదు" అనునది. ఐదవది మరింత గడుసైనది: అడిగిన లెక్కను విడిచి, ప్రభుత్వము ప్రవేశపెట్టిన పథకముల పేర్లను నాలుగు పుటల నిండ వరుసగ వ్రాయుట. అన్నమడిగినవానికి అన్నసత్రముల పట్టిక నిచ్చినట్లుండును.

ఆరవది నిర్వచనముల చాటున దాగుకొనుట. 2021 జూలైలో, చేతులతో మలమెత్తు పనిచేయుచు మరణించినవారెందరని రాజ్యసభలో అడుగగా, అట్టి మరణములు లేవని సమాధానము వచ్చెను. కాని, మురుగుకాలువలను, సెప్టిక్ ట్యాంకులను శుభ్రపరచుచు 1993 నుండి 900 మందికి పైగా మరణించిరని అదే ప్రభుత్వము అదే యేట మరియొక సమాధానములో ఒప్పుకొనెను. 2013 చట్టము ఈ రెండు పనులను వేఱువేఱుగ నిర్వచించినది గనుక, రెండు సమాధానములును చట్టరీత్యా పొసగవచ్చును. కాలువలో ఊపిరాడక చచ్చినవానికి ఈ నిర్వచనభేదము ఏమి తెలియును? ఇచట నేర్వవలసినది సభ్యుడు. చట్టపుమాటను తెలిసి, రెండు పేర్లను కలిపి యడిగిన ప్రశ్నకు ఈ తలుపు మూతపడును.

ఈ డాలునకు మందు నియమములలోనే గలదు. "సేకరించి సమర్పింతుము" అని మంత్రి చెప్పిన మాట సభకిచ్చిన హామీ క్రింద లెక్క. అట్టి హామీలను వెంటాడుటకు లోకసభలో 1953లోను, రాజ్యసభలో 1972లోను ప్రత్యేక సంఘములేర్పడినవి. 3 మాసములలో హామీ చెల్లింపవలెను. లేనిచో గడువు కోరవలెను. సమాధానము చాలనిచో అరగంట చర్చ కోరవచ్చును. తప్పని తోచినచో స్పీకరునకు వ్రాసి సవరణ కోరవచ్చును. బుద్ధిపూర్వకముగ సభను మోసగించిన మంత్రిపై హక్కుల ఉల్లంఘన నోటీసు ఇయ్యవచ్చును. ఇన్ని మార్గములుండగా, ప్రశ్న వేసిన సభ్యుడు సమాధానమును చదువకయే పక్కన పెట్టినచో తప్పు మంత్రిది మాత్రమే యగునా? హామీలు ఏండ్ల తరబడి చెల్లకుండ పడియుండుటకు అడిగినవారు మరచుటయు నొక కారణము.

మన రెండు రాష్ట్రముల చిట్టా

తెలుగువారికి ఈ వ్రాతప్రశ్నలతో ప్రత్యేకమైన పని గలదు. 2014 పునర్విభజన చట్టము రెండు రాష్ట్రములకును కొన్ని వాగ్దానములు చేసెను. పోలవరము జాతీయ ప్రాజెక్టుగ ప్రకటింపబడెను. గిరిజన విశ్వవిద్యాలయములు, విశాఖ రైల్వే జోను, కడప, ఖమ్మం ప్రాంతముల ఉక్కు కర్మాగారముల పరిశీలన మొదలగునవి పదమూడవ షెడ్యూలున చేర్చబడెను. ఆనాటినుండి నేటివరకు ఉభయ రాష్ట్రముల సభ్యులును, పక్షభేదము లేకుండ, ఈ విషయములపై ప్రశ్నలు పంపుచునే యున్నారు. ఆంధ్రప్రదేశమునకు గిరిజన విశ్వవిద్యాలయపు చట్టము 2019లో వచ్చెను. తెలంగాణమునకు ములుగులోని సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయపు చట్టము 2023 డిసెంబరులో వచ్చెను. ఒకే చట్టమున ఒకేనాడు చేసిన రెండు వాగ్దానములకు నడుమ నాలుగేండ్ల యంతరము. విశాఖ జోను ప్రకటన 2019లో వచ్చెను. ఉక్కు కర్మాగారముల విషయమున "పరిశీలించుట" యను మాటకు గల వైశాల్యమును మన సభ్యులు అనేక సమాధానములలో చవిచూచిరి.

ఈ పనులన్నియు ప్రశ్నలచేతనే జరిగినవని మేము చెప్పము. ఆందోళనములు, సంప్రదింపులు, ఎన్నికలు, ఇవన్నియు తమతమ పాత్రను వహించినవి. కాని, ఏ సంవత్సరమున ఏ మంత్రి ఏమని చెప్పెనో, ఎంత సొమ్ము విడుదలయినదని చెప్పెనో, ఏ కారణము చూపెనో తెలుపు చిట్టా ఈ ప్రత్యుత్తరములే. ఇంటి లెక్కలను ఏటికేడాది వ్రాసి భద్రపరచు కుటుంబీకుడు, ఢిల్లీనుండి తన రాష్ట్రమునకు రావలసిన బాకీ చిట్టాను చూడకుండుట వింత. ఈ సమాధానములు నేడు ఉభయసభల వారిచే అంతర్జాలమున ప్రకటింపబడుచున్నవి. ఎవరైనను ఉచితముగ చదువుకొనవచ్చును.

అమ్ముడుపోయిన ప్రశ్నలు

హక్కు గొప్పదైనకొలది దాని దుర్వినియోగమును హేయమైనది. 1951లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు ఎచ్. జి. ముద్గల్ బొంబాయి బులియను వర్తకుల సంఘమునుండి ప్రతిఫలము గైకొని సభలో వారి పని చక్కబెట్టజూచెనని పార్లమెంటు సంఘము తేల్చగా, బహిష్కార తీర్మానమున కెదురై అతడు సభ్యత్వమును వదలుకొనెను. 2005 డిసెంబరులో, ప్రశ్నలు వేయుటకు సొమ్ము గైకొనిరన్న నేరముపై లోకసభ సభ్యులు 10 మంది, రాజ్యసభ సభ్యుడొకడు సభలనుండి వెడలగొట్టబడిరి. వీరు అమ్మినది తమ సంతకమును కాదు. తమ నియోజకవర్గపు ప్రజల నోటిని. ప్రశ్న వేయుటకు లభించు చోటు పరిమితము. ఒక వ్యాపారి ప్రశ్న ఆ చోటున దూరినచో, ఒక రైతు ప్రశ్న వెలుపల నిలిచిపోవును. ఈ సంగతిని తలచినచో ఆ శిక్షలు కఠినమైనవని అనబుద్ధి పుట్టదు.

చేయవలసినదేమి?

శాసనసభలు కూర్చున్నగాని ప్రశ్నలుండవు. ఇటీవలి సంవత్సరములలో పెక్కు రాష్ట్రముల శాసనసభలు ఏడాదికి ముప్పది దినములైనను కూర్చుండుట లేదు. చెరువులు, కాలువలు, భూముల రికార్డులు, పురపాలక సంఘములు, పాఠశాలలు, ఆసుపత్రులు, అనగా మన నిత్యజీవనమునకు దగ్గరగ నున్నవన్నియు రాష్ట్రముల యధికారములోనివి. ఎచట ప్రశ్న ఎక్కువగ కావలయునో అచటనే ప్రశ్నకు తావు తక్కువగుట మన దురదృష్టము. సమావేశములు లేని మాసములలో కూడ వ్రాతప్రశ్నలు పంపుటకును, నిర్ణీతమగు గడువులో సమాధానములు పొందుటకును ప్రతి శాసనసభయు నియమము చేసికొనవలెనని మా సూచన. దీనికి కొత్త భవనములు అక్కరలేదు. కొత్త పన్నులు అక్కరలేదు. ఇచ్ఛ యుండిన చాలును.

సభ్యులకు మా మనవి ఇది: సంఖ్య కొరకు ప్రశ్నలు వేయకుడు. ఇతరుడు వ్రాసియిచ్చిన ప్రశ్నపై చూడకుండ సంతకము చేయకుడు. మీ తాలూకాలో మీరు చూచిన యొక కాలువను, ఒక బడిని, ఒక ఆగిన పింఛనును గూర్చి యడుగుడు. వచ్చిన సమాధానమును తెనిగించి మీ యూళ్లలో చదివి వినిపింపుడు. మంత్రులకు మా మనవి ఇంకను చిన్నది: తెలియనిచో తెలియదనుడు, తెలిసికొని చెప్పుడు. లెక్క లేదని చెప్పిన మంత్రి, లెక్క వేయుట తన పని కాదని చెప్పినట్లు కారాదు.

తుదకు పాఠకులను గూర్చి రెండు మాటలు. అడుగనిదే అమ్మయినను అన్నము పెట్టదని మన పెద్దల మాట. ఓటు వేసిన పిమ్మట ఐదేండ్లవరకు తమకు పనిలేదని తలచువారు, తమ ప్రతినిధి కూడ అట్లే తలచినచో ఆశ్చర్యపడరాదు. మీ సభ్యుని పేర జాబు వ్రాయుడు. మీ యూరి సంగతిని తేదీలతో, సర్వేనంబర్లతో, రూపాయల లెక్కతో అతనికి తెలుపుడు. "దీనిని ప్రశ్నగ పంపితిరా? ఏమని బదులు వచ్చినది?" అని మరల అడుగుడు. 2005లో సమాచారహక్కు చట్టము చేసినవారు, పార్లమెంటునకు గాని శాసనసభకు గాని నిరాకరింపరాని సమాచారమును ఏ పౌరునకును నిరాకరింపరాదని మూలపాఠమున వ్రాసిరి. సభ్యునకును పౌరునకును గల యెడమును వారు ఆ యొక్క వాక్యముచే తగ్గింపజూచిరి. సభ్యుని ప్రశ్న పౌరుని ప్రశ్నయే యను భావము దాని వెనుక నున్నది.

1893లో ఒక పల్లెవర్తకుని కష్టము పరాయి ప్రభుత్వపు మండలిలో ప్రశ్నయై నిలిచెను. ఆ వర్తకునకు ఓటు లేదు. ఆ ప్రశ్న వేసినవారిని ఎన్నుకొను నధికారమును లేదు. నేడు పల్లెవర్తకునకును, రైతునకును, కూలికిని ఓటున్నది, వారెన్నుకొన్న సభ్యుడున్నాడు, సమాధానము చెప్పవలసిన మంత్రియు వారి వాడే. ఇంత కలిగియు అడుగక యూరకుండుట, మంత్రుల యపరాధము కాదు.